బెల్లు కొట్టేదాకా ఆగిన పాప

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లోని బడుల హెడ్మాస్టర్లకి, కరస్పాండెంట్లకి, టీచర్లకి, రెండు జిల్లాల విద్యాశాఖ ఆఫీసర్లకి నమస్కారం.

నేను తిరుపతిలో ఉంటా, కొర్లగుంట వైపు. మా పాపకి తొమ్మిదేళ్ళు, నాలుగో క్లాసు అయిపోయింది, జూన్‌లో అయిదుకి పోతుంది. ఏడో ఏట నుంచి దానికి టైప్ 1 షుగర్ ఉంది. ఒకరి మీద కంప్లైంట్ చేయాలని ఈ ఉత్తరం రాయట్లేదు, అందుకే బడి పేరు గానీ టీచర్ పేరు గానీ ఇందులో ఉండదు. జరిగింది మాత్రం జరిగినట్టు చెప్తా, అది చెప్పకపోతే నేను అడగబోయేది మీకు చిన్న విషయంగా కనపడుతుంది.

మొన్న మార్చిలో, ఒంటిపూట బడులు మొదలైన మూడో రోజు. ఏడుంబావుకి ఆటో వస్తుంది కాబట్టి ఆరున్నరకే ఇన్సులిన్ వేసి ఇడ్లీ పెట్టా, మూడు తినాల్సింది ఒకటిన్నర తినింది, ఆటో హారన్ కొట్టేసరికి మిగిలింది ప్లేట్లోనే వదిలేసి బూట్లు వేసుకుని పరిగెత్తింది, నేను వెనకాలే పోయి బిస్కెట్ ప్యాకెట్ బ్యాగులో వేశా. మూడు ఇడ్లీలకి సరిపడా ఇన్సులిన్ ఒంట్లోకి పోయింది, తిండి మాత్రం సగమే పోయింది, అట్లా అయితే షుగర్ పడిపోతుంది. తొమ్మిదిన్నర దాటేసరికి చేతులు వణకడం మొదలైందంట. అప్పుడే లెక్కల టెస్ట్ పెట్టారు. పాప లేచి నిలబడి "మేడమ్, నాకు ఒకలాగా ఉంది, బిస్కెట్ తినొచ్చా" అని అడిగింది. "ఇంకో పది నిమిషాల్లో బెల్లు కొడతారు, ముందు టెస్ట్ రాయమ్మా" అని మేడమ్ అనింది. మా పాప ప్యాకెట్ మళ్ళీ బ్యాగులో పెట్టేసి కూర్చుని రాసింది.

ఆ టెస్ట్ పేపర్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. మొదటి నాలుగు లెక్కలు ఎప్పటిలాగే ముత్యాల్లాంటి అంకెలు, స్కేల్ పెట్టి గీతలు. అయిదో లెక్కలో అంకెలు కొంచెం పెద్దవయ్యి ఒక పక్కకి వాలిపోయాయి. ఆరో లెక్కలో ఏడు మీద ఇంకో ఏడు రాసింది, దాని మీద మళ్ళీ ఏదో రాసింది, అది ఏ అంకెనో ఎంత చూసినా అర్థం కాదు. ఏడో లెక్క నంబర్ వేసి అక్కడి నుంచి పెన్సిల్ గీత ఒకటి కిందికి జారుకుంటా పేపర్ అంచు దాకా పోయింది. అంతే, ఆ తర్వాత ఖాళీ. ఇంటర్వెల్ బెల్లు కొట్టాక పిల్లలంతా బయటికి పోతే మా పాప బెంచీ మీదే తల వాల్చి ఉండిపోయింది, నిద్రపోయిందేమో అనుకున్నారు.

దాన్ని ముందు పట్టించుకున్నది క్లాసులు ఊడ్చే ఆయమ్మ. మెడ మీద చెయ్యి వేస్తే చల్లటి చెమట, యూనిఫాం వీపంతా తడిసిపోయింది, పిలిస్తే కళ్ళు తెరుస్తా ఉంది కానీ మాట ముద్ద ముద్దగా వస్తా ఉంది. "అమ్మా ఇది షుగర్ డౌనే, మా ఇంటాయనకి అచ్చం ఇట్నే అవతాది, చక్కెర తీసకరాండి" అని అరిచిందంట. అప్పుడు ఆడ ఉన్న పెద్దోళ్ళలో ఒకరు "ఆ పాపకే షుగర్ కదా, షుగర్ ఉన్నోళ్ళకి చక్కెర పెడతారా ఎవరైనా, ముందు వాళ్ళమ్మకి ఫోన్ చేద్దాం" అన్నారు. ఆయమ్మ ఎవరి మాటా వినలేదు. స్టాఫ్ రూమ్‌లో టీ కోసం పెట్టుకున్న డబ్బాలో నుంచి చక్కెర తెచ్చి నీళ్ళలో కలిపి, పాప మింగగలుగుతా ఉందో లేదో ముందు ఒక గుటక పోసి చూసి, కొంచెం కొంచెంగా తాపించింది. నేను స్కూటీ మీద పోయేసరికి పదహైదు నిమిషాల పైనే అయింది. అప్పుడు షుగర్ చూసే మిషన్ పెట్టి చూస్తే 64. చక్కెర నీళ్ళు తాగాక 64 అంటే, తాగకముందు ఎంత ఉండిందో నేను ఊహించుకోను కూడా ఊహించుకోలేను.

ఆ మిషన్ పొద్దున్నుంచీ పాప బ్యాగులోనే ఉంది. దాన్ని ఎట్లా వాడాలో ఆ బడిలో ఒక్కరికీ తెలీదు.

మేడమ్ తప్పు అని నేను అనను. క్లాసులో నలభై ఆరు మంది పిల్లలు, ఆమెకి ఈ సంగతి చెప్పినోళ్ళు లేరు. అడ్మిషన్ అప్పుడు నేను డాక్టర్ రాసిన లెటర్ ఆఫీసులో ఇచ్చా, అది ఫైల్లో పెట్టుకున్నారు, ఆ ఫైల్ బీరువాలోకి పోయింది. క్లాస్ టీచర్ మారినప్పుడు ఆ లెటర్ కొత్త టీచర్ దగ్గరికి రాలేదు. ఆ రోజు మేడమ్ నాకంటే ఎక్కువ ఏడ్చింది, నా చెయ్యి పట్టుకుని "నాకు తెలీదమ్మా, తెలిసుంటే ఆపుతానా" అనింది. ఆ మాట నిజం. ఆ మాట ఇంకో టీచర్ ఇంకో తల్లికి చెప్పే పరిస్థితి రాకూడదనే ఇదంతా రాస్తా ఉన్నా.

ముందు టైప్ 1 అంటే ఏందో రెండు ముక్కల్లో చెప్తా. మన ఇళ్ళల్లో తాతలకి, నాయనలకి వచ్చే షుగర్ వేరే, ఇది వేరే. పిల్లలు స్వీట్లు తినేదాని వల్ల వచ్చేది కాదు, తల్లి సరిగ్గా పెంచకపోవడం వల్ల వచ్చేది అసలే కాదు. ఒంట్లో రోగాలతో కొట్లాడాల్సిన శక్తే పొరపాటున పాంక్రియాస్‌లో ఇన్సులిన్ తయారు చేసే కణాల్ని చంపేస్తుంది, ఇంక ఆ బిడ్డకి బయటి నుంచి ఇన్సులిన్ ఇవ్వాల్సిందే, రోజూ, బతికినంత కాలం. మాత్రలతో పోదు, ఆకుపసర్లతో పోదు. 1922 జనవరిలో టొరంటోలో పద్నాలుగేళ్ళ పిల్లోడికి మొట్టమొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు, అంతకు ముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలు ఎక్కువ కాలం బతికేవాళ్ళు కాదు. ఆ ఇన్సులిన్ కనిపెట్టినోళ్ళల్లో ఒకరైన బాంటింగ్ పుట్టిన రోజు నవంబర్ 14, అందుకే ఆ రోజు ప్రపంచ మధుమేహ దినం. మన బడుల్లో బాలల దినోత్సవం చేసేదీ అదే రోజు. మీరు ఆ రోజు స్టేజీ మీద ఎట్లా అయినా మైకు పట్టుకుంటారు, ఒక్క అయిదు నిమిషాలు ఈ పిల్లల గురించి మాట్లాడండి.

షుగర్ 70 కంటే కిందికి పోతే లో అంటాం. చెమటలు, వణుకు, ఆకలి, కళ్ళు మసకలు, ఒక్కోసారి ఊరికే కోపం, ఊరికే ఏడుపు, అడిగినదానికి సంబంధం లేని జవాబు. క్లాసులో ఒక పిల్ల ఉన్నట్టుండి మొండికేసిందంటే తిట్టే ముందు ఒకసారి ఆ పిల్లకి షుగర్ ఉందా అని గుర్తు తెచ్చుకోండి. లో అయినప్పుడు మూడు టీ స్పూన్ల చక్కెర నీళ్ళలో కలిపి తాపించాలి, లేదంటే గ్లూకోజ్ పొడి, పదహైదు నిమిషాలు ఆగి మళ్ళీ చూడాలి, ఇంకా తక్కువే ఉంటే మళ్ళీ ఇవ్వాలి. చాక్లెట్ ఇస్తే అందులో కొవ్వు ఉంటుంది కాబట్టి ఆలస్యంగా పని చేస్తుంది, బడిలో ఇచ్చే శనక్కాయల చిక్కీ కూడా అంతే, అది లో తగ్గినాక తినడానికి బాగుంటుంది, లో అయిన నిమిషంలో కాదు. స్పృహ లేకుండా పడిపోయి ఉంటే మాత్రం నోట్లో చక్కెర నీళ్ళు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టి వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఇంతే. ఇది నేర్చుకోవడానికి డాక్టర్ చదువు చదవక్కర్లేదు, మా పాప తమ్ముడికి ఆరేళ్ళు, వాడికి తెలుసు.

దీనికి ఉల్టాగా షుగర్ పెరిగితే దాహం ఎక్కువ, మాటిమాటికీ ఒంటికి పోవాల్సి వస్తుంది. "ఇప్పుడే కదా పోయొచ్చావు" అని ఆపొద్దు. వాంతులు, కడుపునొప్పి, ఊపిరి బలంగా తీసుకోవడం కనపడితే అది అర్జెంట్, గమ్మున కూర్చోబెట్టి సాయంత్రం ఇంటికి పంపిస్తే సరిపోదు. మాకు జబ్బు బయటపడింది కూడా అట్లాగే, వారం రోజులు గ్యాస్, అజీర్తి అనుకుంటా ఉండినాం, చివరికి ఆస్పత్రిలో చూస్తే 540.

ఈ రెండేళ్ళలో నా మనసులో గట్టిగా నాటుకున్న సంగతి ఒకటుంది. మా పాప అల్లరి పిల్ల అయ్యుంటే ఆ రోజు పడిపోయేది కాదు. టీచర్ వద్దన్నా డెస్కు కిందకి వంగి రెండు బిస్కెట్లు నోట్లో వేసుకునేది. అది చెప్పిన మాట వినే పిల్ల. మనం ఇంట్లోనూ బడిలోనూ పిల్లలకి నేర్పేదే అది, పెద్దోళ్ళు ఆగమంటే ఆగాలి అని. అందుకని పర్మిషన్ అనే మాట ఈ పిల్లల విషయంలో తీసేయండి అని నేను అడుగుతా ఉన్నా. టెస్ట్ జరుగుతున్నా, ప్రార్థన జరుగుతున్నా, కలెక్టర్ గారు వచ్చి మాట్లాడతా ఉన్నా, ఆ బిడ్డ అడగకుండా తినొచ్చు, అడగకుండా నీళ్ళు తాగొచ్చు, షుగర్ చూసుకోవచ్చు, బాత్రూమ్‌కి పోవచ్చు. అది క్లాసులో అందరి ముందర టీచరే చెప్పాలి. టీచర్ నోటి నుంచి వస్తే తప్ప నా బిడ్డ నమ్మదు, నేను ఇంట్లో ఎన్ని సార్లు చెప్పినా "మేడమ్ తిడుతుందమ్మా" అంటుంది. అట్లా పోయేటప్పుడు ఒంటరిగా పంపొద్దు, పక్కన ఒక పిల్లని తోడు పంపండి, దార్లో పడిపోతే చూసేవాళ్ళు ఉండాలి.

ఇది నేను కొత్తగా పుట్టించి అడిగేది కూడా కాదు. 2017లోనే సీబీఎస్ఈ వాళ్ళు టైప్ 1 పిల్లలు పది, పన్నెండు పరీక్షల హాల్లోకి తినేవి తీసుకుపోవచ్చని చెప్పారు. 2023లో జాతీయ బాలల హక్కుల కమిషన్ రాష్ట్రాలకి లెటర్ రాసింది, క్లాసులో గానీ పరీక్షలో గానీ ఈ పిల్లలు షుగర్ చూసుకోవడానికి, ఇన్సులిన్ వేసుకోవడానికి, డాక్టర్ చెప్పిన టైమ్‌కి తినడానికి టీచర్లు ఒప్పుకోవాలని, డాక్టర్ సలహాతో ఆటలు కూడా ఆడొచ్చని. అదే ఏడాది ఉత్తరప్రదేశ్‌లో దాని మీద బడులకి ఆర్డర్ ఇచ్చారు. మన రెండు జిల్లాల్లో నేను అడిగిన ఏడెనిమిది మంది టీచర్లలో ఒక్కరు కూడా ఆ లెటర్ గురించి విన్నామని చెప్పలేదు. డీఈఓ గారూ, ఆ లెటర్ తెలుగులో ఒక పేజీ చేసి ప్రతి బడికీ పంపండి, టీచర్లందరి చేతా సంతకం పెట్టించండి, మార్చిలో టెన్త్ పరీక్షల డ్యూటీకి పోయే ఇన్విజిలేటర్లకి కూడా ఇవ్వండి. హాల్లో బిస్కెట్ తీస్తే కాపీ అనుకుని ఆ పిల్లని లేపి నిలబెట్టే పని జరగకూడదు.

ఇన్సులిన్ ఎక్కడ వేయాలి అనేది ఇంకో అగచాటు. మామూలు బడి రోజుల్లో మధ్యాహ్నం అన్నానికి ముందు ఒక ఇంజెక్షన్ పడాలి. మొదటి ఏడాది బడి వాళ్ళు "మేము సూది బాధ్యత తీసుకోము, మీరే వచ్చి వేసుకోండి" అన్నారు. సరే అని నేను బట్టల షాపులో చేసే పని మానేసి రోజూ పన్నెండుకి పోయి గేటు పక్కన వేపచెట్టు కింద కూర్చునేదాన్ని. లోపలికి రానిచ్చేవాళ్ళు, కానీ వేసే చోటు బాత్రూమ్. తడి నేల, ఫినాయిల్ వాసన, ఒక చేత్తో పాప లంగా పట్టుకుని ఇంకో చేత్తో ఇన్సులిన్ వేసే పెన్ను. అన్నం తినే ముందు చేసే పని అది, బాత్రూమ్‌లో ఎందుకు చేయాలి? ఒక కుర్చీ, చెయ్యి కడుక్కోవడానికి నీళ్ళు, సూదులు వేయడానికి మూత ఉన్న ఒక గట్టి డబ్బా, ఇవి ఆఫీసు రూమ్ మూలలో పెడితే చాలు. ఎండాకాలంలో మన తిరుపతి ఎండకి వాడే ఇన్సులిన్ పెన్ను బ్యాగులో పెడితే పాడైపోతుంది, మేము చిన్న మట్టి ముంతలో తడి ఇసక పోసి, దాంట్లో మూత గట్టిగా ఉన్న డబ్బా పెట్టి అందులో పెన్ను పెట్టి పంపుతాం. ఆ ముంతని నీడలో పెట్టే జాగా ఇవ్వండి, ఫ్రిజ్ లేకపోయినా ఫర్వాలేదు.

ఒంటిపూట బడుల గురించి కూడా చెప్పాలి. మీకు టైమ్‌టేబుల్ ఒక గంట ముందుకి జరుగుతుంది, మాకు ఆ బిడ్డ ఒంట్లో లెక్కంతా జరుగుతుంది. ఇన్సులిన్ ముందుకి పోతుంది, టిఫిన్ ముందుకి పోతుంది, లో అయ్యే టైమ్ కూడా ముందుకి వచ్చేస్తుంది. టైమింగ్స్ మారేటప్పుడు రెండు రోజుల ముందు వాట్సాప్‌లో పెడితే మేము డాక్టర్‌ని అడిగి మార్చుకుంటాం. ముందు రోజు రాత్రి పదికి మెసేజ్ పెడితే ఎవర్ని అడిగేది?

నా బిడ్డ సంగతి ఒక్కటే చెప్పి ఆగిపోతే స్వార్థం అవుతుంది. మా వీధిలో ఒక పిల్లోడికి ఫిట్స్, ఎనిమిదో క్లాసు. వాడికి బడిలో ఫిట్స్ వచ్చినప్పుడల్లా చేతిలో తాళాలగుత్తి పెట్టడం, చెప్పు వాసన చూపించడం, నలుగురు కలిసి కాళ్ళు చేతులు అదిమి పట్టుకోవడం, ఒకసారి పళ్ళ మధ్య స్పూన్ పెట్టి ముందు పన్ను విరగ్గొట్టారు. వాళ్ళు కూడా మంచి మనసుతోనే చేశారు, ఊర్లో అందరూ చేసేదే చేశారు. కానీ ఇనుముకి ఫిట్స్ ఆగవు, దాని టైమ్‌కి అదే ఆగుతుంది, మనం ఇనుము పెట్టాం కాబట్టి ఆగిందనుకుంటాం. చేయాల్సింది తల కింద మెత్తగా బ్యాగో టవలో పెట్టడం, చుట్టూ బెంచీలు జరపడం, పక్కకి తిప్పడం, నోట్లో ఏమీ పెట్టకపోవడం, గడియారం చూడడం. అయిదు నిమిషాలు దాటితే 108. డాక్టర్ ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే రాసిచ్చి ఉంటే అది కొట్టడం. వాడు లేచేసరికి బట్టల్లోనే ఒంటికి పోసుకుని ఉండొచ్చు, చుట్టూ క్లాసంతా నిలబడి చూస్తా ఉంటుంది, ముందు వాళ్ళని బయటికి పంపండి, వాడికి ఒక లుంగీయో టవలో కప్పండి. ఆ పిల్లోడు నాతో చెప్పింది ఫిట్స్ గురించి కాదు, "అక్కా, అందరూ చూశారు" అని.

ఆయాసం పిల్లల ఇన్హేలర్లు ఆఫీసు బీరువాలో తాళం వేసి పెట్టే బడులు ఉన్నాయి, మందు పిల్లల చేతిలో ఉండకూడదని రూల్ అంట. ఆయాసం వచ్చిన బిడ్డకి మెట్లెక్కి ఆఫీసుకి పోయే ఊపిరి ఉంటుందా? ఆ నీలం రంగు ఇన్హేలర్ ఆ బిడ్డ జేబులోనే ఉండాలి. గుండె ఆపరేషన్ అయిన పిల్లలు కూడా మన క్లాసుల్లో ఉన్నారు, 2021లో తిరుపతిలో శ్రీ పద్మావతి చిల్డ్రన్స్ హార్ట్ సెంటర్ పెట్టినాక ఊరికి దగ్గర్లోనే ఆపరేషన్లు అవుతున్నాయి, అయ్యాక ఆ పిల్లలు తిరిగొచ్చేది బడికే కదా. వాళ్ళు ఎంత పరిగెత్తొచ్చో పీఈటీ సార్‌కి కాగితం మీద రాసి ఉండాలి, లేకపోతే ఆయన భయపడి మొత్తానికే కూర్చోబెడతారు, లేదంటే తెలీక అందరితో పాటు గ్రౌండ్ చుట్టూ పరిగెత్తిస్తారు. తలసేమియా, అంటే ఒంట్లో రక్తం సరిగ్గా తయారు కాని జబ్బు ఉన్న పిల్లలు రక్తం ఎక్కించుకోవడానికి నెలకి ఒకటి రెండు రోజులు మానాల్సిందే, 2016 వికలాంగుల హక్కుల చట్టంలో తలసేమియా పేరు పెట్టి మరీ ఉంది, వాళ్ళ అటెండెన్స్ మీద సతాయించొద్దు.

గవర్నమెంట్ బడులకి ఏడాదికి ఒకసారి ఆర్‌బీఎస్కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) టీమ్ వచ్చి పిల్లల్ని చూస్తుంది, 2013 నుంచి ఉన్న పథకం అది, మంచి పథకం. అది జబ్బు కనిపెట్టడానికి పనికొస్తుంది. జబ్బు తెలిసిన బిడ్డకి మంగళవారం పదకొండు గంటలకి లో అయితే ఆ టీమ్ ఆడ ఉండదు, క్లాస్ టీచర్ ఉంటుంది, ఆయమ్మ ఉంటుంది, మధ్యాహ్న భోజనం వండే అమ్మ ఉంటుంది, బస్సులో అయితే డ్రైవర్ ఉంటాడు. తిరుపతిలో అయితే రుయా, స్విమ్స్ ఆస్పత్రులు ఊర్లోనే ఉన్నాయి. కుప్పం అవతల పల్లెలోనో సత్యవేడు పక్కనో ఉన్న బడికి 108 వచ్చేదాకా ఆ బిడ్డకి డాక్టర్ అంటే వీళ్ళే. తిరుపతిలో కూడా గరుడ సేవ రోజు ఆంబులెన్స్ ఎంత సేపట్లో కదులుతుందో మనందరికీ తెలుసు.

అందుకని ప్రతి బిడ్డకీ ఒక్క కాగితం చేయండి. ఫోటో, జబ్బు పేరు, ఎట్లా కనపడితే ఏం చేయాలి, ఏం చేయకూడదు, మందు ఎక్కడ ఉంది, ఎవరికి ఫోన్ చేయాలి. తెలుగులో, పెద్ద అక్షరాల్లో. ఫైల్లో కాదు, అటెండెన్స్ రిజిస్టర్ లోపలి అట్టకి అంటించండి, సబ్‌స్టిట్యూట్ టీచర్ వచ్చినా రిజిస్టర్ తెరిస్తే కనపడుతుంది. ఇంకో కాపీ వంటగదిలో, ఇంకోటి బస్సులో. అయితే గోడకి వేలాడదీసి అందరికీ చూపించొద్దు, ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో తల్లిదండ్రుల్ని అడిగి చేయండి, "రేపు పెళ్ళి కాదేమో" అని భయపడి జబ్బు దాచిపెట్టే ఇళ్ళు చాలా ఉన్నాయి. అమ్మానాన్నలారా, మీకు కూడా చెప్తా ఉన్నా, బడికి దాచొద్దు. దాస్తే ఆ బిడ్డ ఒక్కటే మోయాలి.

"ఇట్లాంటి పిల్లల్ని మేము హ్యాండిల్ చేయలేం, వేరే బడి చూసుకోండి" అనే మాట మూడు బడుల్లో విన్నా. ఫీజు కట్టి, అండర్‌టేకింగ్ రాసిచ్చి, ఏమైనా అయితే బడికి సంబంధం లేదని సంతకం పెట్టి సీటు తెచ్చుకున్నా. తలకోన ట్రిప్‌కి పిల్లలందరూ పోతే మా పాపని వద్దన్నారు, ఆ రోజు అది ఇంట్లో కూర్చుని తమ్ముడికి లెక్కలు చెప్పింది, నన్ను ఒక్క మాట అడగలేదు. అడిగుంటే బాగుండేది అనిపించింది. ట్రిప్‌కి పంపేటప్పుడు తల్లినో తండ్రినో ఒకర్ని తోడు రమ్మంటే చాలదా, బస్సులో ఒక సీటే కదా.

జూన్‌లో బడులు తెరిచేలోపల టీచర్లకి ఒక పూట ట్రైనింగ్ పెట్టండి. పీహెచ్‌సీ డాక్టర్‌నో నర్సమ్మనో పిలిస్తే వస్తారు. షుగర్ మిషన్ నేను తెస్తా, స్ట్రిప్పులు నేను తెస్తా, నా వేలే పొడిచి చూపిస్తా, కాగితం జిరాక్సులు కూడా నేనే తీయించుకుని వస్తా, తిరుపతి చుట్టుపక్కల ఏ బడి వాళ్ళు రమ్మన్నా స్కూటీ మీద వచ్చేస్తా. ఆ రోజు ఆయమ్మని గది బయట టీ కప్పులు కడగడానికి పంపొద్దు. ఆమెకి కూడా ఒక కుర్చీ వేయండి, వీలైతే ముందు వరసలో.

ఇట్లు,
టైప్ 1 పాప అమ్మ,
తిరుపతి